శనివారం బడి మొదటి పాఠం

శుక్రవారం పొద్దున బాచుపల్లి వెళ్ళే దారంతా బ్లెస్సీ ఒక్క ముక్క మాట్లాడలేదు. ఐలయ్య ఆటోలో వెనక సీట్లో ఇటు నేను, అటు బ్లెస్సీ, మధ్యలో యూనిఫాం వేసుకుని అఖిల. అఖిల ఐలయ్య కూతురు, ఎనిమిదో తరగతి. ఆ పిల్లని బడిలో ఉంచుతారో పంపించేస్తారో ఆ పూట తేలిపోతుంది. నాకు మామూలుగా నోరు ఊరుకోదు. ఆ దారిలో నేను కూడా నోరు మూసుకుని కూర్చున్నానంటే మా అపార్ట్‌మెంట్ వాళ్ళెవరూ నమ్మరు.

బుధవారం బడి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. అఖిల క్లాసుకి అందుకోలేకపోతోందనీ, శుక్రవారం ప్రిన్సిపల్ గారే లెక్కల క్లాసులో కూర్చుని చూస్తారనీ, తండ్రిని వెంటబెట్టుకుని మమ్మల్ని రమ్మన్నారనీ చెప్పారు. ఫోన్ పెట్టేశాక బ్లెస్సీ, "ఆంటీ, పంపించెయ్యాలని వాళ్ళు అనుకున్నాకే పిలిచారు" అంది. నన్ను ఆంటీ అనొద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నా వినదు. అప్పుడు మాత్రం ఆ మాట పట్టించుకునే ఓపిక నాకు లేకపోయింది.

బ్లెస్సీ సంగతి చెప్పాలి. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొత్తగా చేరినవాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చే ఉద్యోగం. శనివారాలు చందానగర్‌లో వాళ్ళ చర్చి వెనకున్న హాల్లో పిల్లలకి పాఠాలు. చుట్టుపక్కల సర్కారు బళ్ళలో చదివే పిల్లల్ని పెద్ద బళ్ళలో చదువుకి తయారుచేసే తరగతులవి. దానికి బోర్డు మీద ఏదో పొడుగాటి ఇంగ్లీషు పేరుంది. పిల్లలు మాత్రం శనివారం బడి అంటారు. నేను కాకినాడలో ఇంగ్లీషు లెక్చరర్‌గా చేసి రిటైరై మియాపూర్ వచ్చి పడ్డాను. ఖాళీగా కూర్చుని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అందరితో తగాదాలు పెట్టుకుంటున్నానని మావారు కామేశ్వరరావుగారు నన్ను తీసుకెళ్ళి ఆ పిల్లకి అప్పగించారు.

మొదటి రోజే నాకు బ్లెస్సీ మీద ఒళ్ళు మండింది. లెక్క చెప్పింది. "అర్థమైందా?" అంది. పిల్లలంతా ఒక్క గొంతుతో, "అయ్యింది మేడమ్" అన్నారు. బడికెళ్ళిన ప్రతి తెలుగువాడికీ ఆ రాగం తెలుసు. బ్లెస్సీ చాక్‌పీసు బల్ల మీద పెట్టేసి, చేతులు కట్టుకుని నిలబడింది. పాఠం లేదు, పలుకు లేదు. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరో ఒకరు లేచి 'కాలేదు' అనేదాకా ఆ పిల్ల కదలదు. ఇదేం చోద్యం, ఉన్న కాస్త సమయం ఇలా తగలేస్తుందేమిటని నేను లోపల సణుక్కున్నాను. చాలాసేపటికి వెనక వరసలోంచి ఒక చెయ్యి లేచింది. అదే అఖిల.

"ఏం కాలేదు?" అంది బ్లెస్సీ.

"ఏం కాలేదో గూడ అర్థం కాలేదు మేడమ్."

పిల్లలు నవ్వారు. బ్లెస్సీ నవ్వలేదు. "బాగుంది. ఎక్కడిదాకా అయ్యిందో అక్కడి నుంచి మొదలుపెడదాం" అని చాక్‌పీసు తీసుకుంది. శనివారం బడిలో మొదటి పాఠం అదే. లెక్కలూ ఇంగ్లీషూ ఆ తరవాత.

ఈ పట్టుదల ఎక్కడిదని ఒకసారి అడిగాను. వాళ్ళమ్మ రూతమ్మగారు నర్సు. బాపట్ల దగ్గర్నుంచి లింగంపల్లిలో ఒక ఆస్పత్రికి ఉద్యోగం మారినప్పుడు, అప్పటిదాకా తెలుగు మీడియంలో చదివిన బ్లెస్సీని తెచ్చి ఇంగ్లీషు బడిలో వేశారు. అక్కడ అందరూ 'ఎస్ మిస్' అంటే తనూ 'ఎస్ మిస్' అంది. రెండేళ్ళు గంగిరెద్దులా తలూపింది. పరీక్షల్లో తప్పింది. రూతమ్మగారు కొట్టలేదు, తిట్టలేదు. "అర్థం కాలేదని ఎందుకు చెప్పలేదే?" అని మాత్రం అడిగారట. "అందరూ అయ్యిందన్నారమ్మా, నేనొక్కదాన్నే ఎలా చెప్పను?" అందట ఈవిడ.

"కంపెనీలోనూ అదే జబ్బు ఆంటీ" అనేది. "కాల్‌లో క్లయింటు 'క్లియరా?' అంటాడు. గదిలో ఉన్నవాళ్ళంతా 'యా, క్లియర్' అంటారు. కాల్ కట్ అవగానే ఒకణ్ణొకడు 'ఏమన్నాడ్రా?' అని అడుగుతారు. ఇంజనీర్లు!"

బ్లెస్సీ చేతిలో అలా తయారైన అఖిలకి బాచుపల్లి బడిలో ఫీజు లేకుండా సీటు వచ్చింది. శనివారం బడి నుంచి అక్కడికి వెళ్ళిన మొదటి పిల్ల అదే. నిలదొక్కుకుంటే వచ్చే ఏడు మరికొందరిని తీసుకుంటామన్నారు. మేం ఎంత సంబరపడ్డామో చెప్పలేను. కానీ మేం ఊహించనిది ఒకటి జరిగింది. ఆ పిల్ల మేం నేర్పింది నేర్పినట్టే చేసింది. లెక్కల మాస్టారు చలపతిరావుగారు "అర్థమైందా?" అన్న ప్రతిసారీ క్లాసంతా "ఎస్ సర్" అంటుంటే, ఇది లేచి "కాలేదు సార్" అంటోంది. మా దగ్గర దాన్ని ధైర్యం అన్నాం. అక్కడ దానికి మొద్దు అని పేరు పెట్టారు. చలపతిరావుగారు పోర్షన్ వెనకబడిందన్నారు. ఒక్క పిల్ల కోసం పాఠం ఆగుతోందని మిగతా తల్లిదండ్రులు మెసేజీలు పెట్టారు. మా పెంపకమే దాని కొంప ముంచింది.

ఆటో గేటు ముందు ఆగింది. అందరం దిగాం. ఐలయ్యది నాగర్‌కర్నూలు వైపు. మియాపూర్ డిపో దగ్గర్నుంచి షేర్ ఆటో నడుపుతాడు. నెమ్మదైన మనిషి. శనివారాలు కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చి, పాఠం అయ్యేదాకా హాలు మెట్ల మీద కూర్చుంటాడు. లోపలికి రమ్మంటే, "వద్దు మేడమ్, ఈడనే మంచిగుంది" అంటాడు. ఇప్పుడు కూతురి భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్ళాడు. పక్కకంటే మరీ పక్కకి కాదు, మాకు వినిపిస్తూనే ఉంది.

"ఇయ్యాల జర చుప్‌గ కూసో బిడ్డా. ఏం అడగకు. సారు అర్థమైందా అంటె అయిందను. గంతే. ఇయ్యాల ఒక్కనాడు."

అఖిల బ్లెస్సీ వైపు చూసింది. ఐలయ్య కూడా చూశాడు. "ఏమనుకోకండ్రి మేడమ్. సీటు పోతదని ఫికరైతున్నది" అన్నాడు.

బ్లెస్సీ ఇరుకున పడింది. 'వద్దు, నువ్వు అడుగు' అని చెబితే, సీటు పోయినప్పుడు ఆ తండ్రికి ఏం జవాబు చెప్పాలి? 'సరే' అంటే తను ఇన్నాళ్ళు చెప్పినదంతా ఏమైపోవాలి? మింగలేక కక్కలేక, "నాన్న చెప్పినట్టు చెయ్యమ్మా" అంది. నాకు నిజంగా మనసు తేలికపడింది. ఒక్కరోజు తలూపితే ఏం పోయిందనే నేనూ అనుకున్నాను.

క్లాసులో వెనక గోడవారగా మాకు కుర్చీలు వేశారు. ప్రిన్సిపల్ ఉదయ్ భాస్కర్ గారు కిటికీ పక్కన కూర్చున్నారు. నీటైన మనిషి, మాట మెత్తన. చలపతిరావుగారు బోర్డు మీద సమీకరణం రాశారు. అయిదు ఎక్స్, అందులోంచి బ్రాకెట్లో ఎక్స్ మైనస్ మూడుని రెండుతో గుణించి తీసెయ్యాలి, అది పన్నెండుకి సమానం. చకచకా బ్రాకెట్ తీసేశారు. లోపలున్న మైనస్ మూడు బయటికొచ్చి ప్లస్ ఆరు అయింది. "అర్థమైందా?" అన్నారు.

"ఎస్ సర్" అంది క్లాసు. అఖిల పెదాలూ కదిలాయి. దాని చెయ్యి బల్ల మీద పిడికిలి బిగించుకుని ఉంది.

ప్రిన్సిపల్ గారు లేచారు. "అఖిలా, నీకు అర్థమైందామ్మా?"

ఆ పిల్ల నిలబడింది. తలుపు దగ్గర నిలబడ్డ తండ్రిని చూసింది. "అయ్యింది సార్."

"వెరీ గుడ్. అయితే వచ్చి తరవాతి లెక్క చెయ్యి."

బ్లెస్సీ వేళ్ళు నా మణికట్టు చుట్టూ బిగుసుకున్నాయి. అఖిల బోర్డు దగ్గరికి నడిచింది. మొదటి వరస రాసింది, బాగానే రాసింది. బ్రాకెట్ దగ్గరికొచ్చి ఆగింది. చాక్‌పీసు బోర్డుకి ఆనించి అలాగే నిలబడింది. ముందు బెంచీలో ఒక పిల్లాడు కిసుక్కున నవ్వాడు. ఎక్కడ ఆగిందో అఖిలకి తెలుసు, నోరు తెరిచి అడిగితే చాలు. కానీ అర్థమైందని అందరి ముందూ చెప్పాక ఇంక ఏం అడుగుతుంది? అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగడం తెలిసిన పిల్ల నోరు మేమే కుట్టేశాం. నాకు ఏడుపొచ్చింది, కోపంతోనే.

"ఇట్స్ ఓకే, వెళ్ళి కూర్చో" అన్నారు ప్రిన్సిపల్ గారు మెత్తగా. ఆ మెత్తదనానికే ఎక్కువ భయం వేసింది.

ఆఫీసు గదిలో ఐలయ్య కుర్చీ అంచున కూర్చున్నాడు. పక్కన అఖిల నిలబడి నేల చూస్తోంది. చలపతిరావుగారు గోడకి ఆనుకుని వాచీ చూసుకుంటున్నారు. ప్రిన్సిపల్ గారు మా ఇద్దరితో, "మేడమ్, ఇది పేరెంట్ తీసుకోవాల్సిన నిర్ణయం. మీరు సాక్షులుగా ఉంటే చాలు" అని ముందే చెప్పేశారు. బల్ల మీద టైపు చేసిన కాగితం ఒకటి. ఒక పెన్ను ఐలయ్య ముందు, ఒక పెన్ను బ్లెస్సీ ముందు.

"చూడండి ఐలయ్యగారూ. చైల్డ్ ఇంట్రెస్ట్ దృష్ట్యా, బెటర్ ఫౌండేషన్ సపోర్ట్ కోసం, అవర్ ఓల్డ్ క్యాంపస్‌కి ట్రాన్సిషన్ చేద్దామనుకుంటున్నాం. మ్యూచువల్ కన్సెంట్‌తోనే. నథింగ్ నెగటివ్."

ఐలయ్య తలూపాడు. "ఆ సార్."

"అక్కడ ప్రెషర్ ఉండదు. ఏజ్ కాదు, లెవెల్ ముఖ్యం కదా. పాప హ్యాపీగా ఉంటుంది."

"ఆ సార్." పెద్దాయన గౌరవంగా మాట్లాడుతున్నాడని చేతులు జోడించాడు కూడా. నాకు ఒళ్ళు ఉడికిపోయింది. నోరు తెరవబోయాను. బ్లెస్సీ బల్ల కింద నా చెయ్యి నొక్కి పట్టుకుంది. మేం అడ్డుపడితే, తండ్రి ఒప్పుకున్నా శనివారం బడి వాళ్ళు గొడవ చేశారని రాస్తారు. అది నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన ఊరుకోవడం సులభమా?

"అర్థమైంది కదా?" అన్నారు ప్రిన్సిపల్ గారు, కాగితం ముందుకి జరుపుతూ.

"అయింది సార్" అని ఐలయ్య పెన్ను అందుకున్నాడు.

బ్లెస్సీ తన ముందున్న పెన్ను తీసింది. సంతకం పెడుతుందనుకున్నాను. దాన్ని టక్కున బల్ల మీద అడ్డంగా పెట్టేసి, చేతులు కట్టుకుని కూర్చుంది. ఐలయ్య వైపు చూసింది, అంతే.

శనివారాలు మెట్ల మీద కూర్చుని తెరిచిన తలుపులోంచి అతను ఆ వాలకం ఎన్నిసార్లు చూసి ఉంటాడో. పెన్ను పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగిపోయింది. కూతుర్ని చూశాడు. ఆ పిల్ల తల ఎత్తలేదు. ప్రిన్సిపల్ గారు గొంతు సవరించుకున్నారు. ఐలయ్య ఆటో రేట్ల దగ్గర కూడా ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి.

పెన్ను కింద పెట్టాడు.

"కాలేదు సార్."

"ఏమిటి?"

"నాకు అర్థం కాలేదు సార్. మీరు పెద్దగ చదువుకున్నోళ్ళు గదా అని ఆ ఆ అన్న. సగం సమజ్ కాలే. జర మొదటికెళ్ళి చెప్పండ్రి. తెలుగుల చెప్పండ్రి."

ప్రిన్సిపల్ గారు చిన్నగా నవ్వారు. "అదే, అఖిలని మా పాత బ్రాంచికి పంపిస్తున్నాం."

"ఆడ ఎనిమిది ఉన్నదా సార్?"

"అక్కడ... ఏడు వరకే."

"అంటె నా బిడ్డ మల్ల ఏడు సదవాల్నా? పాసైన ఏడు?"

"బేసిక్స్ కోసం."

"ఏడైనంక ఈడికి తీస్కుంటరా?"

"అప్పటి పరిస్థితిని బట్టి చూద్దాం."

"అంటె తీసేస్తున్నరా సార్?"

ఇంగ్లీషులో అంత మర్యాదగా నడిచిన మాట తెలుగులోకి దిగేసరికి ప్రిన్సిపల్ గారికే మొహమాటమైంది. అవునని అనలేరు, కాదంటే కాగితం అక్కర్లేదు. నాకు కసిగా సంతోషం వేసింది, దాచుకోను.

ఐలయ్య ఆగలేదు. ఒకసారి కట్ట తెగాక నీళ్ళు ఆగుతాయా? "బోర్డు కాడ ఆగిపోయింది, నిజమే సార్. పొద్దుగాల గేటు కాడ నేనే చెప్పిన, ఇయ్యాల ఏం అడగకని. దాని తప్పు లేదు. అడగనిస్తె ఆగకపోతుండె. ఒక్కసారి అడగనీయండ్రి. అడిగినంక గూడ రాకపోతె నేనే తీస్కపోత."

ప్రిన్సిపల్ గారు చలపతిరావుగారి వైపు చూశారు. ఆయన చిరాగ్గా, "ఏం అర్థం కాలేదు నీకు?" అన్నారు.

అఖిల తలెత్తింది. "మైనస్ రెండు, మైనస్ మూడు గుణిస్తె ప్లస్ ఆరు అని తెలుసు సార్. ఎందుకు ప్లస్ అయితదో అర్థం కాలేదు. తీసేస్తున్నం గదా, తీసేస్తె పెరుగుడేంది?"

ఆ ప్రశ్న చలపతిరావుగారిని కుదిపినట్టుంది. బల్ల దగ్గరికొచ్చి, రాయడానికి కాగితం కోసం చూసి, ముందున్న ఆ టైపు కాగితాన్నే వెనక్కి తిప్పారు. పెన్ను తీశారు.

"ఇదిగో చూడు. తీసెయ్యమన్నది ఎంత? ఎక్స్ కన్నా మూడు తక్కువ. నువ్వు ఎక్స్ మొత్తం తీసేశావనుకో. చెప్పినదానికంటే ఎక్కువ తీసేశావా లేదా?"

"ఎక్కువ తీసేసిన సార్."

"ఎంత ఎక్కువ?"

"మూడు."

"మరి ఆ మూడూ?"

అఖిల కళ్ళు పెద్దవయ్యాయి. అది చెప్పేలోపే ఐలయ్య అనేశాడు. "ఎక్కువ తీస్తె వాపస్ ఇయ్యాలె గదా సార్."

"అదే ప్లస్" అన్నారు చలపతిరావుగారు. "ఇక్కడ రెండుసార్లు ఎక్కువ తీశావు, ఆరు వాపస్." వాపస్ అన్న మాట ఆ కాకినాడ యాస నోటికి కొత్త. నాకు ఆ ఊరి యాస ఇట్టే తెలిసిపోతుంది.

పెన్ను అఖిల అందుకుంది. బోర్డు మీద ఆగిపోయిన లెక్కే మళ్ళీ రాసింది. బ్రాకెట్ దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆ పిల్ల దాటేసింది. చివరిదాకా వెళ్ళి, జవాబు కింద గీత గీసి, ఎందుకైనా మంచిదని ఎక్స్ స్థానంలో పెట్టి సరిచూసుకుంది కూడా. అది చలపతిరావుగారు అడగలేదు. బ్లెస్సీ నేర్పిన అలవాటు.

ప్రిన్సిపల్ గారు కాగితాన్ని ఇటూ అటూ తిప్పి చూశారు. వెనకంతా ఎక్స్‌లూ బ్రాకెట్లూ. సంతకం పెట్టించాల్సిన కాగితం అది, ఇంక పనికిరాదు. కావాలంటే ఇంకోటి ప్రింటు తీయించవచ్చు. ఆయన తీయించలేదు. "సంవత్సరం చివరిదాకా చూద్దాం" అని దాన్ని సొరుగులో పెట్టేశారు.

మెట్లు దిగుతుంటే చలపతిరావుగారు వెనకనుంచి పిలిచారు. "అమ్మాయ్, సోమవారం నుంచి క్లాసులోనే అడుగు. కానీ ఒక్కసారే అడుగు."

"ఒక్కసారికి కాకపోతె సార్?"

ఆయన మా వైపు చూశారు, మీరు నేర్పిన తెలివేనా ఇది అన్నట్టు. "అయితే రెండుసార్లు" అని క్లాసుకి వెళ్ళిపోయారు.

అఖిల ఆ ఏడు క్లాసు ఫస్టు రాలేదు. మధ్యలో ఎక్కడో వచ్చింది, లెక్కల్లో మాత్రం బాగా వచ్చింది. ఆ రోజు కిసుక్కున నవ్విన పిల్లాడే పరీక్షల ముందు అనుమానాలు తీర్చుకోవడానికి దీని బెంచీ దగ్గరికి వస్తున్నాడని చెప్పి మురిసిపోయింది. వచ్చే ఏటికి మా నుంచి మరో నలుగుర్ని తీసుకున్నారు. పోర్షన్ ఇప్పటికీ వెనకే నడుస్తోందని చలపతిరావుగారు సణుగుతూనే ఉన్నారు. కానీ ఇప్పుడు "అర్థమైందా?" అనడం మానేసి, "ఎవరికి అర్థం కాలేదు?" అంటున్నారట. చేతులు చాలానే లేస్తున్నాయట.

మొన్న శనివారం ఆ నలుగురి తల్లిదండ్రుల్నీ హాల్లో కూర్చోబెట్టి బ్లెస్సీ కొత్త బడి పద్ధతులు చెప్పింది. కంపెనీ అలవాటు, మధ్యమధ్యలో ఇంగ్లీషు దొర్లిపోయింది. "అర్థమైంది కదండీ?" అంది చివర్లో.

"అయ్యింది మేడమ్" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

ఐలయ్య ఇప్పుడు మెట్ల మీద కూర్చోవడం లేదు, లోపలే వెనక బెంచీలో కూర్చుంటున్నాడు. అక్కణ్ణుంచే చెయ్యి ఎత్తాడు.

"ఈళ్ళకేం సమజ్ కాలేదు మేడమ్. నాక్కూడ కాలేదు. మల్ల మొదటికెళ్ళి చెప్పండ్రి."